నలభై ఒక్క సంతకాలు

ఆఫీసు, మేడమీద
ఫిబ్రవరి 4

అక్కా,

నేను బాగానే ఉన్నాను, ఒక పన్ను తక్కువ. అది ఎలా పోయిందో రాస్తే ముందు నవ్వుతావు, తరవాత తిడతావు. నవ్వే భాగంతోనే మొదలుపెడతాను.

నా ఆఫీసుకీ పక్కనున్న పళ్ల డాక్టరు గదికీ మధ్య ఒక తలుపుందని నీకు తెలుసు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, నేను ఆ తలుపులోంచి అవతలికి జారుకుని రోగుల బెంచీ మీద కూర్చుంటాను. ముందుజాగ్రత్తగా చెంపకి రుమాలు కూడా కట్టుకుంటాను. పాత పత్రిక ఒకటి తిరగేసేలోపు వచ్చినవాళ్లు నా ఖాళీ కుర్చీని చూసి, నిట్టూర్చి వెళ్లిపోతారు. మూడేళ్లుగా ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది లేకుండా నడుస్తోంది.

మొన్న సోమవారం నేను అలాగే కూర్చుని ఉండగా సంగీతం టీచరు లోపలికి వచ్చింది. పక్కింటివాళ్లతో ఆవిడకున్న గోడ తగాదా కేసు నా దగ్గరే ఉంది. నన్ను వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాను. కానీ పాపం ఆవిడకి నిజంగానే పన్ను నొప్పి. వచ్చి సరిగ్గా నా పక్కనే కూర్చుంది. రుమాలు ముక్కు దాకా లాక్కున్నాను. ఇంతలో డాక్టరుగారు తలుపు తీసి "తరవాత ఎవరు?" అన్నారు. బెంచీ మీద అందరూ నా వైపు చూశారు. అక్కా, ఆ క్షణంలో నాకు లోపలికి వెళ్లడం తప్ప వేరే దారి కనబడలేదు. లోపలికెళ్లాక ఏదో ఒక పన్ను చూపించాలి కదా. చూపించాను. ఆయన పీకేశాడు. చాలా గట్టి పన్ను అని మెచ్చుకున్నాడు కూడా.

నోటినిండా దూదితో బయటికొచ్చేసరికి తపాలా ఆయన రిజిస్టరు కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మామూలుగా అయితే "లాయరుగారు ఊళ్లో లేరు" అని నేనే చెప్పి పంపించేసేవాణ్ణి. దూది మూలంగా చెప్పలేకపోయాను. సంతకం పెట్టాను. అందరూ చూస్తున్నారని విప్పాను కూడా.

లాయర్ల మండలి క్రమశిక్షణ కమిటీ నుంచి. బేకరీ ఆవిడ నా మీద ఫిర్యాదు చేసింది. ఇంటి యజమాని ఆవిణ్ణి దుకాణం ఖాళీ చేయమని కేసు వేస్తే, ఆవిడ తరఫున నేను నిలబడ్డాను. ఇప్పుడు నేను కేసు సంగతి చెప్పలేదనీ, కబురు చేస్తే పలకలేదనీ, ఉత్తరాలు విప్పలేదనీ, నా లైసెన్సు తీసేయాలనీ అంటోంది. చిన్న అపార్థం అంతే. కానీ నెల రోజుల్లో జవాబు రాయాలట.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఫిర్యాదు మాత్రం అద్భుతంగా రాశారు. పద్నాలుగు పేరాలు, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క తిట్టు లేదు. ఇది బేకరీ ఆవిడ రాత కాదు, నా ఎదురుగది లాయరు చేసిన పని అయ్యుండాలి. ఆయనకి నా మీద ఎప్పటినుంచో కన్నుంది. తొమ్మిదో పేరాలో నేను పళ్ల డాక్టరు బెంచీ మీద దాక్కుంటానని కూడా ఉంది. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే, ఆయనకెలా తెలిసిందో.

ఏం రాయమంటావో చెప్పు. నీ ఉత్తరాలు మాత్రమే నేను భయం లేకుండా విప్పేవి.

నీ తమ్ముడు


నర్సుల గది, ఆడవాళ్ల వార్డు
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

నవ్వాను. నర్సులకి చదివి వినిపించాను, వాళ్లూ నవ్వారు. నాలుగో మంచం పెద్దావిడకి కుట్లు వేసి ఉన్నాయి, నవ్వొద్దని చెప్పినా వినలేదు.

ఇక తిట్టే భాగం. చిన్న అపార్థం అన్నావు. ముప్పైరెండేళ్లుగా ఈ వార్డులో పనిచేస్తున్నాను. "చిన్న నొప్పి సిస్టర్, అంతే" అంటూ వచ్చినవాళ్లనే ముందు పడుకోబెట్టాలని నాకు తెలుసు. ఆవిడ కేసు ఏమైంది? ఎప్పుడైంది? ఈ రెండూ నీ ఉత్తరంలో లేవు. పన్ను గురించి పేజీన్నర ఉంది.

నేను రోజూ చేసే పని చెప్తాను, నీకు పనికొస్తుందేమో. సూది గుచ్చే ముందు "నొప్పిగా ఉంటుంది" అని చెప్తాను. డాక్టరు చెప్పలేక గొంతు సవరించుకుంటూ నిలబడ్డప్పుడు, మంచం పక్కన కూర్చుని నేనే చెప్తాను. ఇంతవరకూ ఒక్కరు కూడా నన్ను కొట్టలేదు. ఒకావిడ మాత్రం పళ్లెం విసిరింది, మర్నాడు తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నిజం చెప్తే మనుషులు తట్టుకుంటారురా. చెప్పకపోతేనే తట్టుకోలేరు.

ఎదురుగది ఆయన్ని అనుమానించే ముందు ఆ పద్నాలుగు పేరాల్లో అబద్ధం ఎక్కడుందో వెతుకు. దొరికితే రాయి.

అక్క


ఆఫీసు
ఫిబ్రవరి 20

అక్కా,

వెతికాను. ఆరో పేరాలో తేదీ తప్పనుకున్నాను, చూస్తే ఒప్పే.

నా జవాబు చిత్తుప్రతి ఇందులో పెట్టాను. నేరం ఒప్పుకోకుండా, అబద్ధం చెప్పకుండా రాయడానికి చాలా కష్టపడ్డాను. మొదటి పేజీలో నా మోకాలి నొప్పి, రెండో పేజీలో గుమాస్తా మతిమరుపు, మూడో పేజీలో గోడ చెమ్మకి ఫైళ్లు తడవడం. చదివి ఎక్కడైనా బలం తక్కువైతే చెప్పు.

నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకి జవాబు ఆ మూడు పేజీల్లో లేదు. నీకు మాత్రం చెప్తాను. కేసు ఓడిపోయాం. ఓడిపోయి ఏడాది దాటింది.

ఆ రోజు తీర్పు విని బయటికొచ్చాను. వరండాలో ఆవిడ నిలబడి ఉంది. చేతిలో కాగితం సంచి, అందులో వేడి రొట్టె. వాయిదాకి వచ్చినప్పుడల్లా నా కోసం ఒకటి తెచ్చేది. "ఏమైంది బాబూ?" అంది. ఓడిపోయామమ్మా, అప్పీలుకి రెండు నెలలు గడువుంది అని చెప్పాలి. నోరు తెరిచాను. తెరిచేసరికి "వాయిదా పడిందమ్మా" అని వచ్చింది. నేను అనలేదు అక్కా, నా నోరే అంది. ఆవిడ ముఖం ఎంత తేలికపడిందంటే, రొట్టె సంచి నా చేతిలో పెట్టి హాయిగా ఇంటికెళ్లిపోయింది.

వచ్చే నెల మళ్లీ అడిగింది. మళ్లీ వాయిదా వేశాను. అలా లేని కేసుకి జడ్జీ నేనే, గుమాస్తా నేనే అయి పదకొండు వాయిదాలు వేశాను. "మీరు కోర్టుకి రానక్కర్లేదు, నేను చూసుకుంటాను" అన్నాను. అప్పీలు వేద్దామంటే ఆవిడ సంతకం కావాలి. సంతకం అడగాలంటే ఓడిపోయామని చెప్పాలి. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఉండగానే గడువు దాటిపోయింది. ఒకరోజు కోర్టు వాళ్లొచ్చి ఆవిడ పొయ్యిగదికి తాళం వేశారు. ఆ రోజు ఆవిడ నా మెట్లెక్కి వచ్చింది. నేను బెంచీ మీద ఉన్నాను, రుమాలు కట్టుకుని.

ఇది కమిటీకి రాయలేను. నా చిత్తుప్రతి ఎలా ఉందో చెప్పు.

తమ్ముడు


నర్సుల గది
మార్చి 2

తమ్ముడికి,

నీ చిత్తుప్రతి మూడు పేజీలూ చించేశాను. గుమాస్తాకి మతిమరుపు లేదు. ఆయన మా ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా ఇక్కడున్న నర్సులందరి పిల్లల పేర్లూ అడుగుతాడు.

ఇక నేను చెప్పాల్సింది. నొప్పిగా ఉంటుంది.

ఆ ఫిర్యాదు రాసింది నేను. పద్నాలుగు పేరాలూ నావే.

తాళం పడిన వారానికి ఆవిడ ఇక్కడికి వచ్చింది. నీ బల్ల మీద నా కవరు కనబడిందట. లోపలి ఉత్తరం ముట్టుకోలేదు, వెనక చిరునామా మాత్రం చూసి గుర్తుపెట్టుకుంది. సగం రోజు బస్సులో కూర్చుని వచ్చి, వార్డు బయట సందర్శకుల బెంచీ మీద చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంది. "మీ ఉత్తరాలైతే ఆయన చదువుతారు కదమ్మా. నా కేసు వాయిదా ఎప్పుడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క రాసి అడగండి" అంది. తాళం పడ్డాక కూడా వాయిదా ఎప్పుడని అడుగుతోంది. నీ మాట మీద అంత నమ్మకం ఆవిడకి.

నాకు కళ్లనీళ్లు వచ్చాయి, ఆ వెంటనే కోపం వచ్చింది. నీకు ఉత్తరం రాసి అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. పన్ను కథ లాంటిది ఇంకోటి రాస్తావు, నేను నవ్వుతాను, అక్కడితో అయిపోతుంది. ఇన్నాళ్లూ నీ కథలకి నవ్వుతూ వచ్చినదాన్ని నేనే. మెట్ల మీద నుంచి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఎవరో, వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో ఒక్కసారీ అడగలేదు. అందుకే కాగితం తీసుకుని, టీ తాగే టైములో నాలుగు రోజులు కూర్చుని రాశాను. ఆవిడకి చదివి వినిపిస్తే "ఇంత గట్టిగా వద్దేమోనమ్మా, మంచివాడే పాపం" అంది. నేనే గట్టిగా ఉంచాను.

కమిటీకి నువ్వు నాకు రాసినదే రాయి. వరండా, రొట్టె, పదకొండు వాయిదాలు. లైసెన్సు పోతుందేమో. పోతే పోనీ అని నేను అనను. నువ్వు నల్లకోటు మొదటిసారి వేసుకున్న రోజు దానికి గుండీలు కుట్టింది నేనే. కానీ మోకాలి నొప్పి చెప్పి నిలబెట్టుకునే లైసెన్సు నాకు వద్దు, నీకూ వద్దు.

కోపం వస్తే తిడుతూ ఉత్తరం రాయి.

అక్క


నర్సుల గది
మార్చి 25

తమ్ముడికి,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. తపాలా వాళ్లు పోగొట్టారేమో అనుకుంటున్నాను.

ఇక్కడంతా మామూలే. వార్డుకి కొత్త పరదాలు వచ్చాయి, ఆకుపచ్చవి.

అక్క


నర్సుల గది
ఏప్రిల్ 14

తమ్ముడికి,

తపాలా వాళ్ల తప్పేం లేదని తేలింది. పోస్టాఫీసుకి వెళ్లి అడిగాను. కిటికీలో అమ్మాయి నన్ను చూసి జాలిపడింది.

రోజూ పదకొండింటికి సంచి వస్తుంది. పదిన్నర నుంచే నేను తలుపు దగ్గర ఏదో పని కల్పించుకుంటున్నాను. ఒకరోజు అదే దిండు గలీబు మూడుసార్లు మార్చాను, నర్సులు గమనించి నవ్వారు. నీ మెట్లెక్కినవాళ్లకి ఎలా ఉండేదో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఈ సంగతి ఫిర్యాదు రాసేటప్పుడు తెలిసుంటే పదిహేనో పేరా కూడా రాసేదాన్ని.

విచారణ ఇరవై ఐదున అని బేకరీ ఆవిడ రాసింది. ఆవిడ రాస్తుంది. నాకు ఆ రోజు సెలవు దొరకలేదు. భోంచేసి వెళ్లు.

అక్క


ఆఫీసు
ఏప్రిల్ 28

అక్కా,

తిడుతూ రాయమన్నావు. పది రోజులు తిట్టుకున్నాను, కాగితం మీద పెట్టలేదు. పదకొండో రోజు కోపం పోయింది. పోయాక సిగ్గేసింది. సిగ్గుతో ఇంకో వారం గడిచింది. ఆ తరవాత రాయకపోవడానికి కారణమేమీ లేదు, అలవాటే. నీ ఏప్రిల్ ఉత్తరం రెండు రోజులు విప్పలేదు. నీ ఉత్తరానికి కూడా భయపడ్డానంటే నా రోగం ఎంత ముదిరిందో చూడు.

విచారణ సంగతి.

పొడుగాటి గది, పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన విచారణ మొదలైనప్పటి నుంచీ ఒకే పెన్సిలు చెక్కుతున్నాడు. బేకరీ ఆవిడ ఎదురు కుర్చీలో, మడిచిన చేతిరుమాలు ఒళ్లో పెట్టుకుని. నీ పద్నాలుగు పేరాలు కమిటీ గుమాస్తా పైకి చదివాడు. తొమ్మిదో పేరా దగ్గర కుడిపక్క ఆయనకి దగ్గు వచ్చింది. నవ్వు ఆపుకునే దగ్గు నాకు తెలుసు, కోర్టులో నేనే చాలాసార్లు దగ్గాను.

గడువులోగా నేను ఏ జవాబూ పంపలేదు, నా జేబులో మాత్రం రెండు జవాబులున్నాయి. ఒకటి నువ్వు చించేసిన దానికి నకలు. (అవును, నకలు ఉంచుకున్నాను.) రెండోది నువ్వు రాయమన్నది. ఏది తీయాలో అక్కడికి వెళ్లేదాకా తేల్చుకోలేదు. పెద్దాయన పెన్సిలు ఆపి "జవాబు తరవాత చూద్దాం. ముందు ఒక మాట చెప్పండి. కేసు ఓడిపోయిందని ఈవిడకి మీ నోటితో చెప్పారా?" అన్నాడు.

"ఇంకా లేదండీ" అన్నాను.

ఆ 'ఇంకా' అన్న మాటకి ఎడమపక్క ఆయనకి కూడా దగ్గు వచ్చింది.

అప్పుడు నేను లేచాను అక్కా. కమిటీ వైపు కాదు, ఆవిడ వైపు తిరిగాను. "అమ్మా, మన కేసు ఓడిపోయాం. పోయిన ఏడాది జనవరిలోనే ఓడిపోయాం. మీకు చెప్పలేక వాయిదా పడిందని పదకొండుసార్లు అబద్ధం చెప్పాను. అప్పీలు గడువు నా వల్లే పోయింది" అన్నాను.

ఆవిడ "నాకు తెలుసు బాబూ. తాళం చెప్పింది" అంది. మళ్లీ తనే, "మీ నోటి నుంచి వినాలనే ఇంతదూరం వచ్చాను" అంది. చేతిరుమాలు విప్పి కళ్లు తుడుచుకుంది. నేను నా రుమాలు తీశాను. పళ్ల డాక్టరు దగ్గర కట్టుకునేదే.

తీర్పు ఇది. ఏడాదిపాటు నల్లకోటు వేయకూడదు. కమిటీ గుమాస్తా వచ్చి నా బీరువాలో తెమలని ఫైళ్లు లెక్కపెట్టాడు, నలభై ఒకటి తేలాయి. ఆగస్టు ముప్పై ఒకటిలోగా ప్రతి ఫైలూ దాని మనిషికి నేనే స్వయంగా పట్టుకెళ్లి ఇవ్వాలి. కేసు ఏ స్థితిలో ఉందో ముఖాముఖి, నోటిమాటగా చెప్పాలి. చెప్పానని వాళ్లు ఫారం మీద సంతకం పెట్టాలి. ఉత్తరాలు పనికిరావు. నలభై ఒకటిలో ఒక్క సంతకం తగ్గినా నా పేరు జాబితాలోంచి శాశ్వతంగా కొట్టేస్తారు.

ఫిర్యాదు నీదేనని నువ్వు రాసినప్పుడే రాయాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను: మంచి పని చేశావు.

తమ్ముడు


నర్సుల గది
మే 3

తమ్ముడికి,

ఉత్తరం తలుపు దగ్గరే నిలబడి చదివాను. చదివాక వెళ్లి ముఖం కడుక్కున్నాను. నర్సులు అడిగితే కళ్లలో మందు పడిందన్నాను.

నలభై ఒకటీ ఇచ్చి రా. తేలికైనవి ముందు, కష్టమైనవి తరవాత అని పెట్టుకోకు. అలా పెట్టుకుంటే కష్టమైనవన్నీ ఆగస్టు ముప్పైన ఉంటాయి, నువ్వు ఆగస్టు ముప్పైన పళ్ల డాక్టరు దగ్గర ఉంటావు.

కొత్త చెప్పులు కొనుక్కో.

అక్క


ఆఫీసు
జూన్ 30

అక్కా,

ఇరవై ఆరు అయ్యాయి. కొత్త చెప్పులు కరిచాయి, పాతవే వేసుకుంటున్నాను.

గడియారాలు బాగుచేసే ఆయనతో మొదలుపెట్టాను. ఆయన కొట్టునిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంటుంది, అక్కడ నిలబడి ఆలస్యం అయిందని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకో. వెళ్లే ముందు రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. తీరా ఫైలు తెరిస్తే అందులో విప్పని కవరు ఒకటుంది. విప్పాను. ఆయన గెలిచాడు, రెండేళ్ల క్రితం. చెడు కబురుంటుందేమోనని నేను విప్పనే లేదు. ఆయన కళ్లద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "గెలిచినందుకు సంతోషించాలా, రెండేళ్లు ఓడిపోయినట్టు బతికినందుకు ఏడవాలా?" అన్నాడు. సంతకం పెట్టాడు గానీ, టీ ఇవ్వలేదు.

సంగీతం టీచరు మూడు అంతస్తుల మెట్లూ నన్ను తిడుతూనే దిగొచ్చింది. గొంతు చాలా బాగుంది. కింద గుమ్మం దగ్గర సంతకం పెట్టి, "ఇంతకీ ఆ రోజు నా పక్కన రుమాలు కట్టుకుని కూర్చున్నది మీరే కదా" అంది. అవునన్నాను. నవ్వలేదు.

పంతొమ్మిదో ఫైలు ఎవరిదనుకున్నావు? పళ్ల డాక్టరుగారిది. ఆయన నాకు కేసు ఇచ్చాడన్న సంగతే మరిచిపోయాను. మూడేళ్లు నా కక్షిదారుల నుంచి తప్పించుకోవడానికి నా కక్షిదారు బెంచీ మీదే కూర్చున్నాను. "మీరు వచ్చినప్పుడల్లా నా కేసు గురించి చెప్పడానికే వచ్చారనుకునేవాణ్ణి. మీరేమో నోరు తెరిచేవారు కాదు. ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక తెరిచారు, తెరిచారు కదా అని పీకాను" అన్నాడు. పుచ్చిందా అని అడిగాను. లేదన్నాడు.

అన్నీ నవ్వే సంగతులు కావు. ఇరవై రెండో ఫైలు రిటైరైన రైలు గార్డుది. తలుపు ఆయన భార్య తీసింది. ఆయన పోయి ఎనిమిది నెలలైందట. "చివరిదాకా మీ దగ్గర్నుంచి కబురొస్తుందని కిటికీ పక్క కుర్చీ జరపనివ్వలేదు" అందావిడ, కోపం లేకుండా. ఫైలు తీసుకుని, ఫారం మీద ఆయన పేరు కింద తన పేరు రాసింది. నేను గేటు దాకా నడిచి అక్కడే కూర్చుండిపోయాను. దీనికి ఏ తీర్పూ సరిపోదు అక్కా.

ఒక మంచి మాటతో ముగిస్తాను. బేకరీ ఆవిడ కొత్త లాయరు ఎవరో తెలుసా, నా ఎదురుగది ఆయనే. గడువు దాటినా అప్పీలు తీసుకోమని అడగడానికి, తప్పంతా నాదేనని నా ప్రమాణపత్రం కావాలన్నాడు. నీ పద్నాలుగు పేరాలనే నకలు తీసి కింద సంతకం పెట్టి ఇచ్చాను. కోర్టు ఒప్పుకుంది, అప్పీలు తేలేదాకా తాళం తీయమంది. నిన్న పొయ్యి మళ్లీ వెలిగింది. నేను వీధి అవతల నిలబడి పొగ చూసి వచ్చేశాను.

తమ్ముడు


ఆఫీసు
ఆగస్టు 12

అక్కా,

నలభై అయ్యాయి. ఒక్కటి మిగిలింది. అది ఎవరిదో నీకు తెలుసు. ఏప్రిల్లో కమిటీ గుమాస్తా లెక్కపెడుతున్నప్పుడే నేను చూశాను, నీకు రాయలేదు. నువ్వు చెప్పినట్టు కష్టమైనవి చివరికి పెట్టుకోకూడదనే అనుకున్నాను, ఇది మాత్రం పెట్టుకున్నాను.

తొమ్మిదేళ్ల క్రితం బావ వేరే ఊళ్లో వేరే ఆవిడతో ఉంటున్నాడని తెలిసిన నెలలో, నువ్వు డ్యూటీ బట్టలతోనే నా మెట్లెక్కి వచ్చావు. కుర్చీలో కూర్చోలేదు. "విడాకులు కావాలి. తొందరగా తెమిల్చెయ్యి" అని, నేను చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి బస్సుకి టైమవుతోందని వెళ్లిపోయావు.

పిటిషన్ రాయడానికి కూర్చున్నాను. బావ చేసిన తప్పులు వరసగా రాయాలి. నాకు సైకిలు నేర్పింది ఆయనే. నాకు ఉద్యోగం లేనప్పుడు మీ ఇంట్లో రెండేళ్లు నాతో పేకాడుతూ, నాకు చిన్నతనం అనిపించకుండా చూసింది ఆయనే. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. నువ్వు రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ వాయిదా పడిందన్నాను. మూడోసారి నువ్వు అడగలేదు. ఆ తరవాత ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు.

ఆ కాగితం కోర్టు గడప తొక్కలేదు అక్కా. నేను కేసు వేయనే లేదు. తొమ్మిదేళ్లుగా నువ్వు చట్టం ప్రకారం ఆయన భార్యగానే ఉన్నావంటే, అది నా వల్ల. బేకరీ ఆవిడ కోసం పద్నాలుగు పేరాలు రాశావు. నీ కోసం ఒక్కటి కూడా రాయలేదు.

ఫారం ఇందులో పెట్టాను. నిన్ను చూసి ఈ మాట చెప్పగలనని నాకు అనిపించడం లేదు. నలభై మంది ముఖాలు చూశాను, నీ ముఖం చూడలేను. సంతకం పెట్టి తపాలాలో పంపెయ్యి. కమిటీకి తెలియదు.

తమ్ముడు


నర్సుల గది
ఆగస్టు 17

తమ్ముడికి,

ఫారం అందింది. సంతకం పెట్టలేదు. ముఖాముఖి, నోటిమాటగా అని రాసి ఉంది, ఉత్తరాలు పనికిరావని నువ్వే నాకు రాశావు. నీ లైసెన్సు ఇప్పుడు నా కలం చివర ఉంది, దాన్ని నేను తపాలాలో వేయను.

ఇక నేను రాయాల్సింది ఒకటుంది. మూడు కాగితాలు చించి నాలుగోది మొదలుపెట్టాను. మొదటి మూడూ వార్డు కొత్త పరదాల గురించి నడిచాయి.

నేను ఆయన భార్యను కాను. విడాకులు వచ్చి ఏడేళ్లయింది.

నువ్వు రెండోసారి వాయిదా అన్నప్పుడు, సెలవు పెట్టి కోర్టు కౌంటరుకి వెళ్లాను. అక్కడి గుమాస్తా పుస్తకం మూడుసార్లు తిరగేసి, అలాంటి కేసే లేదమ్మా అన్నాడు. నేరుగా నీ దగ్గరికి వచ్చి అడగాలి కదా. రాలేదు. మీ మేడ ఎక్కాను, చెప్పులు చేత్తో పట్టుకుని, నువ్వు వినకుండా. నీ తలుపు దాటి ఎదురుగదిలోకి వెళ్లాను. ఆయన రెండు రోజుల్లో కాగితాలు తయారుచేశాడు. కేసు మా ఊరి కోర్టులోనే వేయించాను, ప్రతిసారీ ఆయన బస్సెక్కి వచ్చాడు. ఇన్నేళ్లలో నీ ముందు ఒక్కసారీ నోరు జారలేదు. నీ మీద ఆయనకి కన్నుంది అన్నావే, అది జాలిరా.

నీకు చెప్తే నీ మనసు నొచ్చుకుంటుందనుకున్నాను. సొంత అక్కే నమ్మలేదని కుంగిపోతావనుకున్నాను. తరవాతి ఉత్తరంలో రాద్దాం, ఆ తరవాతి దాంట్లో రాద్దాం అనుకున్నాను. ఏడేళ్లలో నీకు నూటయాభై ఉత్తరాలు రాసుంటాను. నువ్వేమో ప్రతి ఉత్తరంలోనూ బావ మాట రాకుండా తప్పించుకుంటూ, లోపల కాలిపోతూ ఉన్నావు. అది నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. రోజుకి పదిమందికి చెడు కబురు చెప్తానని నీకు గొప్పలు రాసినదాన్ని, నీకు మంచి కబురు కూడా చెప్పలేకపోయాను. పదకొండో పేరాలో "ఎదుటివారి ముఖం చూసి నిజం చెప్పే ధైర్యం ఇతనికి లేదు" అని రాశాను. అప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయినా రాశాను.

ఆదివారం మధ్యాహ్నం నాకు డ్యూటీ లేదు. ఫైలు పట్టుకుని రా. సందర్శకుల బెంచీ మీద కూర్చుందాం. ఈ ఉత్తరం చదవనట్టే రా. నువ్వు చెప్పాల్సింది నా ముఖం చూసి మొదటి నుంచీ చెప్పు. తరవాత నేనూ మొదటి నుంచీ చెప్తాను. మధ్యలో పరదాల మాట ఎత్తితే "తరవాత?" అని అడుగు.

నీ ఫారం అడుగున స్కేలు పెట్టి ఇంకో గీత గీశాను. కమిటీ ఏమనుకున్నా సరే. నేను చెప్పడం అయ్యాక అక్కడ నువ్వు సంతకం పెట్టాలి.

అక్క